సోక్రటీసు కీర్తి

క్రీ. పూ. 399వ సంవత్సరమున ఏథెన్సు న్యాయసభ 70 ఏండ్ల వృద్ధునొకనికి మరణదండనము విధించెను. నగరము కొలుచు దైవములను కొలువడనియు, క్రొత్త దైవములను తెచ్చెననియు, యువజనులను చెడగొట్టుచున్నాడనియు నాతనిపై మోపిన నేరములు. తీర్పరులు నిరంకుశుని భృత్యులు కారు. కొన్ని వందలమంది స్వతంత్రపౌరులు. మరి 30 మంది తనవైపు మొగ్గియున్నచో తనకు విడుదల కలిగియుండెడిదని సోక్రటీసు పలికినట్లు ప్లేటో వ్రాసియున్నాడు.

24 శతాబ్దములు గడచినను ఆ వృద్ధుని కీర్తి మాయలేదు. దీనికి మూలమెయ్యది? ఆతడు గ్రంథమొక్కటియు రచింపలేదు, రాజ్యమేలలేదు. తండ్రి రాతిపనివాడు, తల్లి మంత్రసాని. మన యుపనిషత్తులలో సాధారణముగా శిష్యుడడుగును, గురువు చెప్పును. ఏథెన్సు అంగడివీధిలో గురువే యడిగెను. శౌర్యమననేమి, ధర్మమననేమి యని పెద్దలను ప్రశ్నించి, తెలిసినదనుకొన్నది తెలియదని వారిచేతనే యొప్పించెను. అందువలన శిష్యులు కలిగిరి, శత్రువులును కలిగిరి. క్రీ. పూ. 423లోనే అరిస్టోఫనీసు ఆతనిని నాటకరంగమున పరిహసించెను. మరణానంతరము ప్లేటోయు, జెనోఫోనును ఆతని మాటలను గ్రంథస్థము చేసిరి.

అయినను వాదపటిమ మాత్రమే యింతటి కీర్తిని తెచ్చియుండదని మా యభిప్రాయము. క్రీ. పూ. 406లో నావికాయుద్ధానంతరము మునిగిపోవువారిని రక్షింపలేదని సేనానులపై ప్రజాసభ యాగ్రహించి, అందరిని ఒక్క వోటుతో విచారింపబూనెను. అది శాసనవిరుద్ధమని సభాధ్యక్షవర్గమున నున్న సోక్రటీసు ఎదురు నిలిచెను. క్రీ. పూ. 404లో అధికారము నాక్రమించిన 30 మంది నిరంకుశులు, లియోను అను నిర్దోషిని చంపుటకై పట్టి తెమ్మని ఐదుగురి నాజ్ఞాపించిరి. నలుగురు పోయిరి, సోక్రటీసు ఇంటికి పోయెను. ప్రజాసమూహమునకును, నిరంకుశులకును ఒకే యుత్తరము! తుదకు కారాగారమునుండి తప్పించెదనని మిత్రుడు క్రిటో వేడినను అంగీకరింపక విషపానము చేసెను. అధర్మము చేయుమన్న ఆజ్ఞను త్రోసివేయుట, తనకు విధింపబడిన శిక్షనుండి పారిపోకుండుట, ఈ రెండును కలిసిన నడవడియే యాతని నిజమైన గ్రంథము.

ఆ గ్రంథమును చదువగలవారు దూరదేశములందును పుట్టిరి. 1908లో గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో తన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికయందు సోక్రటీసు వాదమును సత్యవీరుని కథగా గుజరాతీలో ప్రకటించెను. 1910లో బొంబాయి ప్రభుత్వము ఆ చిన్నపుస్తకమును నిషేధించెను. 1963లో మార్టిన్ లూథర్ కింగు బర్మింగుహాము చెరసాలనుండి వ్రాసిన లేఖలో సోక్రటీసును స్మరించెను.

పరాయిప్రభుత్వము ఆతనికి వెరచుటలో వింత లేదు. కాని ఆతనిని చంపినది స్వపరిపాలనము గల జాతి యని మరువరాదు. ఆ ప్రజలు దుర్మార్గులు కారు. యుద్ధమున నోడి, నిరంకుశుల చేత నలిగినవారు. ఆ నిరంకుశుల నాయకుడు క్రిటియాసు ఒకప్పుడు సోక్రటీసు సాంగత్యమున మెలగినవాడే. భయము, బాధ కలిసినపుడు స్వతంత్రజాతియు ప్రశ్నించువానిని ద్రోహి యనును. మృతుడైన సోక్రటీసును కీర్తించుట సులభము. మన వీధిలో నిలిచి మనలనే ప్రశ్నించువానిని బ్రతుకనిచ్చుట కష్టము. ఆ కష్టమున కోర్చిన జాతియే ఆతని కీర్తిని స్తుతించుట కర్హమైనది.