పరిటాల బాటలో తేనీరు

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున సుమారు 30 కిలోమీటర్లు సాగినంతనే చేలమీదుగా ఒక ఆంజనేయ విగ్రహము కనబడును. అది 135 అడుగుల ఎత్తు గలది, 2003లో వెలసినది. ఆ ఊరు పరిటాల. స్వామిని చూచుటకై బండి నాపినవారు దండము పెట్టి, వెంటనే వెదకునది టీ అంగడిని. ఇది భక్తికి లోపము కాదు. దూరప్రయాణపు ధర్మ మట్టిది.

ఈ మార్గమునందలి టీ అంగళ్ళ పలకలను చదువుటయే ఒక పాఠము. అల్లం టీ, బెల్లం టీ, మసాలా టీ, లెమన్ టీ, ఇరానీ చాయ్, వీని నడుమ 'స్పెషల్ టీ'. ఒక పలకపైననే 'టీ' యనియు 'చాయ్' యనియు రెండు మాట లేల? రెండును చీనా దేశపు మాటలే. ఫూకియన్ తీరమువారు 'తె' యన్నదానిని డచ్చి వర్తకులు ఓడల కెక్కించి ఐరోపాకు చేర్చిరి. తక్కిన చీనావారి 'చా' మెట్టదారిన పారసీకమునకు పోయి 'చాయ్' అయినది. ఇంగ్లీషువారి వెంట కోస్తాకు 'టీ' వచ్చెను; పారసీకపు నుడికారముతో మెలగిన హైదరాబాదునకు 'చాయ్' వచ్చెను. మన 'తేయాకు', 'తేనీరు' మొదటి తెగవే. తేనీటిలో తేనె యున్నదని అర్థము చెప్పు బాలురు అప్పుడప్పుడు తరగతిలో తగులుదురు. వారిని కోపింపరాదు, ఆ సమాసమే అట్లు మోసగించుచున్నది.

టీకిని చాయ్‌కిని సరిహద్దు ఎక్కడ నని ఎవరైన అడిగినచో పరిటాలను చూపుట అసమంజసము కాదు. కృష్ణా మండలమంతయు ఇంగ్లీషువారి యేలుబడిలో నుండగా, పరిటాలయు దాని చుట్టుపట్ల గ్రామములును, మొత్తము ఏడు, నిజాము సొత్తుగా నిలిచిపోయినవి. కారణము వజ్రములు. గనులున్న ఊళ్ళను నిజాము ప్రభువు వదలుకొనలేదు. చుట్టును కుంపిణీ సీమ, నడుమ నిజాము దీవి. సంస్థానము 1948 సెప్టెంబరులో భారతదేశమున విలీనమగుటకు ముందే ఇచ్చటి ప్రజలు తమంతట తాము స్వపరిపాలన ప్రకటించుకొనిరి. దానికి 'పరిటాల రిపబ్లిక్' అని పేరు. పాశ్చాత్యుల గ్రంథములలో 'పార్తియాల్' అని కనబడునది ఈ ఊరే. ఫ్రాన్సు రాజుల కిరీటమున వెలిగి నేడు పారిస్ నగరపు లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్న 'రీజెంట్' వజ్రము ఈ గనులలో పుట్టినదని కొందరు, కొల్లూరులో పుట్టినదని కొందరు అందురు. ఎచ్చట పుట్టినను కృష్ణాతీరమున పుట్టినది కృష్ణాతీరమున నిలువలేదు.

తేయాకు కథ దీనికి ఎదురుగా నడచినది. అది ఎక్కడనో పుట్టి ఇచ్చటికి వచ్చినది. అస్సాము అడవులలో ఆ మొక్క పెరుగుచున్నదని 1823 ప్రాంతమున రాబర్టు బ్రూసు తెలిసికొనెను. ఆ సంగతి ఆ నేలవారికి అంతకుముందే తెలియును. 1839 జనవరిలో ఎనిమిది పెట్టెల అస్సాము తేయాకు లండను వేలములో అమ్ముడుపోయినది. అటుపై తోటలు పెరిగినవి, తోటలకు చేతులు కావలసివచ్చినవి. ఆ చేతులలో తెలుగు చేతులును కలవు. గంజాం, విశాఖపట్టణం మండలములనుండి కూలీలను అస్సామునకు కొనిపోయిరి. వారి సంతతివారు నేటికిని అచ్చటి తోటలలో నున్నారు. బయానా పుచ్చుకొని పని మానిన కూలివానిని చెరసాలకు పంపుటకు 1859నాటి చట్ట మొకటి యజమానుల కండగా నుండెను. చరిత్ర పాఠమున నీలిమందు రైతుల కష్టములను చెప్పుచున్నారు. వాని పక్కననే ఈ సంగతియు చెప్పదగినది.

ఇంత పండించినను భారతీయులు తొలినాళ్ళలో త్రాగినది స్వల్పము. సరకంతయు సముద్రము దాటెడిది. 1903లో ఎగుమతి యగు తేయాకుపై సుంకము విధించి, ఆ ధనముతో టీ ప్రచారము సాగించిరి. 1930 తరువాత విదేశపు ధరలు పడిపోగా వర్తకుల చూపు మన ముంగిళ్ళపై పడినది. రైలు స్టేషనులలో దేశభాషల ప్రకటనలు వెలసినవి; ఊరూర ఉచితముగా టీ పోసిరి. గాంధీమహాత్ముడు ఆరోగ్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున టీ కాఫీలను మెచ్చలేదు. దేశము ఆయన మాట పెక్కింటిలో విన్నది గాని ఇందులో వినలేదు.

ఆ 1930 ప్రాంతముననే అస్సాములో విలియం మెక్కెర్చరు అను దొర ఒక యంత్రమును కల్పించెను. ఆకును నలిపి, చీల్చి, చుట్టు ఆ పద్ధతికి 'సీటీసీ' యని పేరు. ఆకు చిన్న గుండ్లవలె మారి, నీటిలో పడగానే రంగు దిగును. పాలను తట్టుకొని నిలుచును. కొంచెము పొడితో పెక్కు గ్లాసు లగును. నేడు దేశమున తయారగు తేయాకులో అత్యధిక భాగ మీ తరహాదే. బాటపక్క టీ యనగా ఇదే.

ఇక 'స్పెషల్' అను మాట. మన అంగడిలో స్పెషల్ అనగా అప్పటికప్పుడు చిక్కని పాలతో కాచి యిచ్చునది, అంతే. నగరములలో క్రొత్తగా వెలసిన విశేష తేయాకు అంగళ్ళవారి లెక్క వేరు. వారు ఆకును చుట్టి ఆరబెట్టిన పాతపద్ధతి సరకును తోట పేరుతో, కోత పేరుతో అమ్ముదురు. డార్జిలింగు తేయాకు 2004లో మన దేశమున మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు పొందినది. నల్లని టీ, పచ్చని టీ, తెల్లని టీ యని పలు పేర్లు విని అవి వేరువేరు మొక్క లనుకొనువారు కలరు. మొక్క ఒక్కటే. కోసిన ఆకును గాలిలో ఎంత మాగనిచ్చిరి, ఎప్పుడు వేడి తగిలించి ఆపిరి అనుదానిలోనే భేదమంతయు. పచ్చని టీకి సలసల కాగు నీరు పనికిరాదు. ఎనుబది డిగ్రీలు చాలును. మించినచో చేదు. ఈ సరకును పాలు పోసి అరగంట మరిగించుట పట్టుచీరను బండపై బాదుటవంటిది. అట్లని బాటపక్క టీని చిన్నచూపు చూడ నక్కరలేదు. హైదరాబాదు ఇరానీ అంగళ్ళలో డికాషనును మూతపెట్టి సన్నసెగపై మగ్గనిచ్చి, పాలను వేరుగా చిక్కబరచి, రెంటిని కప్పులో కలుపుదురు. పారసీక దేశమునుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చినవారి నేర్పది. దానికిని గురుత్వ మున్నది.

చవకపొడిలో వేరొక బెడద కలదు. కాచి పారవేసిన పిప్పిని ఎండబెట్టి రంగు పూసి మరల అమ్ము దుర్మార్గులు లేకపోలేదు. దీనిని పట్టుటకు ప్రయోగశాల అక్కరలేదు. వడకాగితముపై చిటికెడు పొడి చల్లి నీటి బొట్లు వేసి, పొడిని దులిపి వెలుగులో చూడవలెను. కలిపిన రంగున్నచో వెంటనే మరకలు దిగును. అయస్కాంతమును పొడిపై త్రిప్పినచో ఇనుపరజను అంటుకొనును. ఎనిమిదవ తరగతి పిల్లలు ఒక పీరియడులో చేయగల పని యిది. ఊరిలోని అంగడివారికి పిల్లలే పరీక్షాధికారులని తెలిసిన పిదప పొడి తనంతట బాగుపడవచ్చును.

పిల్లలకు సంబంధించినదే మరియొకటి. అన్నము తిన్న వెంటనే టీ త్రాగినచో, తేయాకులోని టానిను ఆకుకూరలలోని, పప్పులలోని ఇనుమును పట్టుకొని ఒంటికి పట్టనీయదు. భోజనమునకు ముందొక గంట, వెనుకొక గంట టీ కాఫీలు మానుడని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములలో చెప్పినది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము రక్తహీనతతో నున్నట్లు తేలినది. ఉదయమున అన్నమునకు బదులు టీ, బిస్కట్టుతో బడికి వచ్చు బాలికను చూచినపుడు ఈ అంకె గుర్తునకు రావలెను.

అంగడిలో ఆకుకంటెను, పాలకంటెను ఎక్కువ కథ గలది గ్లాసు. తెలుగునాట పెక్కు పల్లెలలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది. ఊరివారికి లోపలి గాజు గ్లాసు. దళితునకు చూరుక్రింద విడిగా నుంచిన గ్లాసు. త్రాగినవాడే దానిని కడిగిపెట్టవలెను. హోటళ్ళలోనికి రానీయకుండుటను రాజ్యాంగపు 15వ అధికరణము నిషేధించినది. అచ్చటి పాత్రలను వాడనీయకుండుటను 1955నాటి చట్టము నేరముగా చేసినది. అయినను ఆ తరువాత దశాబ్దములు గడచినను చూరుక్రింది గ్లాసు కొన్ని ఊళ్ళలో కదలలేదు. దానిని కదల్చుటకు యువకులు తన్నులు తినవలసివచ్చినది.

పిదప కాగితపు కప్పు వచ్చినది. ఎవడు త్రాగిన కప్పు వాడు పారవేయును. కులమేమని అడుగు పని లేదు. చట్టము చేయలేని పనిని కాగితము చేసినదని సంతోషించువారు కలరు. ఆ సంతోషములో సగమే న్యాయ మున్నది. ఎంగిలి గ్లాసును కడుగవలసిన అవసరము తొలగినది గాని, ఒకరు త్రాగినదానిలో ఒకరు త్రాగుటకు మనసు మారినదని అంతమాత్రమున చెప్పలేము. పైగా ఆ కప్పు లోపల పలుచని ప్లాస్టిక్కు పొర యుండును. అట్టి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీరు 15 నిమిషము లుంచగా సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్కు కణములు దానిలో కలియుచున్నవని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో కనుగొనిరి.

ఇప్పుడు కొన్ని అంగళ్ళలో గాజు గ్లాసులు మరల కనబడుచున్నవి. ఒకే తట్టలో, ఒకే తీరువి. వేడినీటిలో తొలిచి బోర్లించి పెట్టుదురు. లారీడ్రైవరు వచ్చి 'వన్ బై టూ' అనును. ఒక టీని రెండు గ్లాసులుగా పోయుదురు. తట్టలోనుండి చేతికి ముందు వచ్చిన గ్లాసు అతనిది, రెండవది క్లీనరుది.