పక్కనే పవర్ హౌసు, ఇంట్లో చీకటి

"సాగర్ డ్యాము మన పక్కనే వుంది గదా, మనకు కరెంటు కోత ఎందుకమ్మా?" మిర్యాలగూడ, కోదాడల్లో ఏ యిల్లాలిని కదిపినా ఈ మాటే అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. నాగార్జునసాగర్ ప్రధాన పవర్ హౌసు శక్తి 815 మెగావాట్లు. ఎడమ కాలువ మొదట్లో 60 మెగావాట్లది మరొకటి. కోదాడకు చేరువలో పులిచింతల, 120. మిర్యాలగూడ దగ్గర దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ కేంద్రం, 800 చొప్పున అయిదు యూనిట్లు, మొత్తం 4000. ఒక మెగావాటంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు వెయ్యి ఒకేసారి వేడెక్కించేంత కరెంటు. లెక్క మీరే కట్టుకోండి!

అయితే యిది పక్కింటి పాడి కాదు, చెంబు పట్టుకెళ్ళి తెచ్చుకోవడానికి. అన్ని కేంద్రాల కరెంటూ గ్రిడ్ అనే పెద్ద తీగల వలలో కలుస్తుంది. అక్కడినుంచే అందరికీ పంపకం. పైగా బియ్యంలాగా గాదెలో పోసి దాచుకోవడం సులువు కాదు. ఏ క్షణాన ఎంత వాడతామో ఆ క్షణాన అంత తయారు కావాలి. వాడకం మించితే గ్రిడ్ మొత్తం కూలకుండా కొన్ని వూళ్ళకు ఆపేస్తారు. అదే కోత.

సాగర్ నీళ్ళు ముందు తాగడానికి, పంటకు. టర్బైన్ల కోసమని యిష్టమొచ్చినట్టు వదలరు. 2023లోలాగా వానలు మొండిచెయ్యి చూపిన ఏడు చూడండి: కాలువకు నీళ్ళు తక్కువ, పొలానికి బోరే గతి, మోటార్లకు కరెంటు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే కరెంటు తీసే నీళ్ళూ వుండవు! ఒక తమాషా ఏమిటంటే, సాగర్ ఎనిమిది యంత్రాల్లో ఏడు వెనక్కి కూడా తిరుగుతాయి. వాడకం తక్కువున్న వేళ కింది నీళ్ళు పైకి తోడి, ఎక్కువున్న వేళ వదలవచ్చు, మనం డాబా మీద ట్యాంకు నింపుకున్నట్టే. తోడడానికి పట్టే కరెంటు తిరిగొచ్చేదానికంటే ఎక్కువే, కాని వేళకు అందుతుంది.

సూర్యుడి కరెంటు పగలు పుష్కలం, దీపాలు పెట్టే వేళకు సున్నా. బొగ్గుది రాత్రీ పగలూ వుంటుంది గాని కట్టడానికి ఏళ్ళు పడుతుంది. యాదాద్రికి 2015 జూన్‌లో శంకుస్థాపన అయితే మొదటి యూనిట్ ప్రారంభం 2024 డిసెంబరులో. కరెంటు అందరికీ పోతుంది, బూడిద మాత్రం ఆ వూళ్ళ దగ్గరే మిగులుతుంది.

2012 ప్రాంతంలో కోతలు మీకు గుర్తుండే వుంటాయి. ఉత్తరాదినుంచి కొనుక్కుందామన్నా తెచ్చుకునే దారి యిరుకు. 2013 డిసెంబరు 31న షోలాపూర్–రాయచూర్ లైనుతో మన దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో పూర్తిగా కలిసింది.

కోత బాధ మనకు ఉక్కపోత, ఆగిపోయిన మిక్సీ. సూర్యాపేట పల్లెల్లో ఆడవాళ్ళది వేరు. వ్యవసాయానికి కరెంటు విడతలుగా, అందులో ఒక విడత రాత్రి యిచ్చే రోజుల్లో, మగమనిషి టార్చిలైటు పట్టుకొని మోటారు దగ్గరికి పోతే, తిరిగి వచ్చేదాకా భార్యకు కునుకు లేదు. పాము కాటుకో, షాకుకో పోయిన రైతులున్నారు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టారు. రాత్రి పోకుండా వుండడానికే లోగడ చాలామంది మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారిగా అందుకునేవి, ట్రాన్స్‌ఫార్మరు కాలేది, మళ్ళీ చీకటి! మన వీధిలోనూ అంతే. కరెంటు పోగానే ఇస్త్రీపెట్టె, గ్రైండరు, నీళ్ళ మోటారు స్విచ్చులు తీసేసి, వచ్చాక ఒకటొకటిగా వేసుకోండి.