దుబాసీ వచ్చినను మాట సాగని వేళ



మీ ఇండ్ల పిల్లలు కొందఱు కంప్యూటరు విద్యకై హైదరాబాదు చేరి యుందురు. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల ఆ విద్య నేర్పు శాలలు పెక్కు కలవు. నేనుండు కృష్ణానగరములో సినిమా వేషములకై వచ్చినవారికిని, ఈ విద్యార్థులకును పక్కపక్కనే గదులు. వారిలో నొకడు నాయొద్దకు వచ్చి, "బాబాయిగారూ, ఈ చదువు నాకు రాదు. నాన్న అప్పుచేసి ఫీజు కట్టినాడు. ఊరికి వచ్చుచున్నానని మీరే ఆయనకు చెప్పవలెను" అనెను. మూడు దినములనుండి వాని ప్రోగ్రాము డేటాబేసుతో మాటాడుట లేదట!

డేటాబేసు కరణముగారి దఫ్తరము వంటిది. లెక్కలన్నియు నందే యుండును. ప్రోగ్రామునకు ఆ దఫ్తరపు భాష తెలియదు. పూర్వము చెన్నపట్టణమున దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీ యున్నట్లు, ఇచటను ఒక దుబాసీ కావలెను. వానికే డ్రైవరని పేరు. బండి తోలువాడు కాడు. ఏ దఫ్తరపు దుబాసీనైనను ఒకే తీరున పిలుచుటకై 1992లో మైక్రోసాఫ్టువారు ఓడీబీసీ యను పద్ధతిని వెలువరించిరి. లినక్స్ యంత్రములలో ఆ పనిని యూనిక్స్‌ఓడీబీసీ చేయును.

తెరమీద "డ్రైవరు ఫైలు కనబడలేదు" అని యుండెను. పిల్లవాడు దానిని నాలుగు మారులు తీసివేసి మరల పెట్టినాడు. చూడగా ఫైలు చెప్పినచోటనే యున్నది! కిటుకంతయు నిచటనే కలదు. దుబాసీ ఒంటరిగా రాడు. అతనికి లేఖకులు, సహాయకులు ఉందురు, వారే లైబ్రరీలు. వారిలో నొక్కడు లేకున్నను దుబాసీ కదలడు. ఏ కారణమున కదలకున్నను యూనిక్స్‌ఓడీబీసీ దుబాసీయే లేడని చెప్పును. ఆ మాట నమ్మినవాడు చెడినట్లే.

ఎల్‌డీడీ యను ఆజ్ఞ యిచ్చితిమి. అది డ్రైవరునకు కావలసిన లైబ్రరీల పట్టీ చూపును. అందు లిబ్‌ఏఐఓ యను దానికెదుట "లేదు" అని వచ్చెను. వాడు తెల్లబోయి, "దానిని నిన్ననే పెట్టితిని గదా!" అనెను.

పెట్టినమాట నిజమే. పేరు మాఱినది. పాత 32 బిట్ల యంత్రములు కాలమును 1970 జనవరి 1 మొదలు సెకండ్లుగా లెక్కించును. ఆ లెక్కకు 2038 జనవరి 19న చోటు చాలదు. దానికి ముందుజాగ్రత్తగా 2024 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 24.04లో పెక్కు లైబ్రరీలను మరల కట్టిరి. అప్పుడు లిబ్‌ఏఐఓ పేరు చివర "టీ64" చేరినది. అంతకుముందు కట్టిన డ్రైవరు పాత పేరుననే పిలుచుచున్నది. దత్తుపోయి ఇంటిపేరు మాఱినవానిని పాత ఇంటిపేరున వెదకిన దొరకునా?

పాత పేరునుండి కొత్త ఫైలునకు ఒక లంకె వేసితిమి. ఒక్క పంక్తి పని. డ్రైవరు లేచినది.

అయితే ఈ చిట్కా అన్నిచోట్ల పనికిరాదు. వాని యంత్రము 64 బిట్లది గనుక లోపలి సరకు మాఱలేదు, పేరే మాఱినది. సరకే మాఱినచో లంకె వేసిన ప్రోగ్రాము నడుమ కూలును. తగిన లైబ్రరీనే తేవలెను. అట్లే 64 బిట్ల ప్రోగ్రామునకు 32 బిట్ల డ్రైవరు పొసగదు. విండోసులో ఈ రెంటిని అమర్చుటకు వేర్వేరు కిటికీలు కలవు. 64 బిట్లది సిస్టమ్32 అను సంచిలోను, 32 బిట్లది సిస్‌వావ్64 అను సంచిలోను ఉండును! ఈ పేర్లచే మోసపోనివారు అరుదు.

ఆ రాత్రి పిల్లవాడు తండ్రికి ఫోను చేసెను. ఊరికి వచ్చుమాట ఎత్తలేదు. వరి కోతలు ఎంతవఱకు వచ్చెనని అడిగినాడు.