దసరా పాలపిట్టను పంజరంలో కాదు, చేలో చూద్దాం

ఈసారి వీడియో కషాయాల మీద కాదు, పాలపిట్ట మీద. దసరా దగ్గరికొచ్చింది కాబట్టి ఇప్పుడే చెప్తున్నా.

మా చేను యాచారం వైపు. ప్రతి ఆదివారం కూరగాయలు ఎల్‌.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లకు తెచ్చి ఇస్తాను. నాలుగేళ్ల కింద దసరా రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గుడి బయట ఒకతను పంజరం పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, పాలపిట్టను చూడున్రి, మంచిగైతది, ఇరవై రూపాయలే" అన్నాడు. నేనూ ఇచ్చాను. దండం పెట్టుకుని దగ్గరగా చూస్తే రెక్కల చివర్లు కత్తిరించి ఉన్నాయి, కాళ్లకు దారం. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాణ్ణి, ఆ ఇరవై ఇచ్చినందుకు ఇప్పటికీ సిగ్గే.

జమ్మికి పోయి వస్తూ పాలపిట్టను చూస్తే శుభమంటారు. మన పెద్దలు చూసింది ఊరి బయట ఎగిరే పిట్టను. సిటీలో చేలు పోయాయి, పంజరం వచ్చింది. పండుగకు ముందే వల, జిగురు పెట్టి పడతారు. ఇది గింజలు తినే పిట్ట కాదు. మిడతలు, కీచురాళ్లు, పెంకు పురుగులు దీని తిండి. పంజరంలో బియ్యం చల్లితే ఏం తింటుంది? పండుగయ్యాక వదిలేసినా, కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి మొలిచేదాకా సరిగ్గా ఎగరలేదు. అంతలోపే కాకులకో కుక్కలకో దొరుకుతుంది.

పాలపిట్ట 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడం, అమ్మడం నేరం, జైలు కూడా ఉంది. అటవీ శాఖ, జంతు సంరక్షణ సంఘాలు దసరా ముందు హెచ్చరిస్తూనే ఉన్నాయి. కానీ ఇచ్చేవాళ్లు ఉన్నంతకాలం పట్టేవాళ్లుంటారు. జాలిపడి కొని విడిపించేవాళ్లూ ఉన్నారు. మా కస్టమర్ ఒకావిడ అలాగే చేశారు. "అక్కా, ఆ డబ్బే వచ్చే ఏడు వలకు పెట్టుబడి" అన్నాను, కొంచెం నొచ్చుకున్నారు. కొనొద్దు. 100కు గానీ అటవీ శాఖకు గానీ ఫోన్ చేయండి.

ఇక మన పని. వీడియోలో చూడండి, వేరుశనగకు దుక్కి దున్నుతుంటే టి ఆకారపు కర్ర మీద నుంచి దిగి మిడతను ఎలా అందుకుందో! ఎకరానికి పదిహేను కర్రలు పాతాను. ఎండిన తాటి మొద్దులు మాత్రం కొట్టేయకండి. ఎండాకాలంలో ఆ తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది.

పోయినేడు దసరా పొద్దున ఆరు కుటుంబాలను చేనుకు పిలిచాను. గంటసేపు ఒక్క పిట్టా రాలేదు, పిల్లలకు విసుగొచ్చింది. తర్వాత కరెంటు తీగ మీద ఒకటి వాలింది. కూర్చుంటే మట్టిరంగే, "ఇదేనా అంకుల్?" అన్నాడొక పిల్లాడు. రెక్కలు విప్పి నీలంగా లేచేసరికి వాడి అమ్మమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది.

ఈసారి కూడా పొద్దున ఏడింటికి రండి. డబ్బులేమీ వద్దు, టిఫిన్ మాత్రం మీరే తెచ్చుకోవాలి. మీ చేను సిటీకి దగ్గరైతే మీరూ మీ కస్టమర్లను పిలవండి.