గాలిలోని సూక్ష్మద్రవ్యములను కనిపెట్టు విధము



పువ్వు కంటబడకున్నను, అది మల్లెయో సంపెంగయో పరిమళముచేతనే చెప్పగలము. పువ్వునుండి వెడలిన అణువులు గాలితో వచ్చి నాసికను చేరుటయే దీనికి కారణము. కాని కొన్ని ద్రవ్యములు విడుచు అణువులు మిక్కిలి స్వల్పములు. అవి మన ముక్కునకు తెలియవు. అట్టివానిని పసిగట్టు యంత్రములు పలుదేశముల విమానాశ్రయములలో కలవు. అచ్చటి ఉద్యోగి ప్రయాణికుని చేతులను, పెట్టెను ఒక చిన్న పట్టీతో తుడిచి, దానిని యంత్రమున నుంచును. పిల్లలను చూడబోవు పెద్దలు కొందఱు దీనిని అవమానముగా తలంతురు. కావున అందు జరుగు పనిని విన్నవించెదను.

మొదట పట్టీకంటిన ద్రవ్యము వేడిచే ఆవిరియగును. కొన్ని యంత్రములలో నికెల్-63 అను రేడియోధార్మిక లోహముండును. దానినుండి వెడలు ఎలక్ట్రానులు గాలిని తాకి, ఆ గాలిద్వారా ఆవిరియణువులకు విద్యుదావేశము కలిగించును. ఆవేశము పొందిన అణువునకు అయానని పేరు.

పిదప ఒక ద్వారము క్షణమాత్రము తెరచుకొనగా, అయానులు గుంపుగా కొన్ని అంగుళముల గొట్టములో ప్రవేశించును. విద్యుద్బలము వానిని ముందునకు లాగును. ఎదురువచ్చు పొడిగాలి అడ్డగించును. తిరునాళ్ల జనములో బక్కపలుచని బాలుడు సందులలో దూరి ముందుగా గుడిని చేరును. గడ్డిమోపు మోయువాడు పదుగురిని తాకుచు వెనుకబడును. అయానుల గతియు నిట్టిదే. చిన్నవి ముందు, పెద్దవి వెనుక గొట్టము చివరనున్న లోహపుపలకను చేరును. ఈ పరుగంతయు ఇంచుమించు సెకనులో ఏబదవ వంతున ముగియును. చేరిన కాలమునుబట్టి ద్రవ్యమేదియో, పుట్టిన విద్యుత్ప్రవాహమునుబట్టి అది యెంతయో తెలియును. వందకోట్ల గాలియణువులలో ఒక్కటి చొప్పున నున్నను కొన్ని ద్రవ్యములు దీనికి పట్టుబడును.

అయానుల గతినిగూర్చి ఫ్రాన్సుదేశపు లాంజెవిన్ పండితుడు 1905లో సిద్ధాంతము రచించెను. కోహెన్, కారాసెక్ అనువారు 1970లో దీనిని ద్రవ్యపరీక్షకు వినియోగించు విధమును ప్రకటించిరి.

అయితే యంత్రము మ్రోగినంతనే మనుష్యుడు దోషి కాడు. వేర్వేఱు ద్రవ్యములు ఒక్కొక్కప్పుడు ఇంచుమించు ఒకే కాలమున పలకను చేరవచ్చును. మఱియు, నోబెల్ 1867లో డైనమైటుగా మలచిన నైట్రోగ్లిజరినే గుండెనొప్పికి ఔషధము. ఆ మందు తాకిన చేతిని తుడిచినచో యంత్రము మ్రోగవచ్చును. అది ద్రవ్యమును చెప్పును గాని, మనుష్యుని తలంపును చెప్పజాలదు. అందులకే మ్రోగిన పిమ్మట ఉద్యోగులు మఱల పరీక్షించి ప్రశ్నింతురు. కావున ఆ మందు వాడువారు వైద్యుని చీటిని వెంట నుంచుకొని, అడిగినపుడు కోపింపక చూపుట మేలు.