పున్నమి వెన్నెలను దాచుకోగలమా?

పగారు చేతికొచ్చిన వారం ఇల్లు ఒక తీరుగా ఉంటుంది, నెలాఖరుకు ఇంకో తీరుగా ఉంటుంది. కార్ఖానా కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దీన్నే అల్లసాని పెద్దన ఒక చిన్న పద్యంలో పెట్టాడని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. డబ్బున్ననాటి సొమ్మును అక్కర పడేనాటికి దాచిపెట్టడం ఆ బ్రహ్మ వల్ల కూడా కాదట. పున్నమి వెన్నెలను అమావాస్య రాత్రికి దాచుకోగలమా అని అడిగాడట.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. పద్యం నడక కోసం పెద్దన అమావాస్య అనే మాటకు దీర్ఘాలూ ఒత్తూ తీసేసి కుదించాడు. తెనాలి రామకృష్ణుడు ఊరుకుంటాడా? ఈయన ఏదో పిచ్చికాయ తిని కవిత్వం చెప్పినట్టున్నాడని వెంటనే ఇంకో పద్యం ఎత్తుకున్నాడు. అందులో దొరికిన మాటకల్లా దీర్ఘమో ఒత్తో ఊడగొట్టాడు. చివరికి పెద్దన పేరును కూడా వదల్లేదు! ఆంధ్ర కవితా పితామహుడని పేరుపడ్డ పెద్దాయన్ని నిండు సభలో ఆటపట్టించాడన్నమాట.

ఆ సభ పేరు భువనవిజయం. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయల కొలువు. పెద్దన, నంది తిమ్మన, ధూర్జటి లాంటి ఎనిమిది మందిని అష్టదిగ్గజాలంటారు. వాళ్లు రాసిన ప్రబంధాలను ఇవాళ చదివేవాళ్లు తక్కువ. కానీ వాళ్ల పేరున తిరిగే చాటువులు మాత్రం బడి మొహం చూడని వాళ్ల నోట కూడా ఆడాయి.

ఇంకో కథ చూడండి. రామకృష్ణుడి మీద కడుపుమంట ఉన్నవాళ్లు ఒక ద్వారపాలకుడికి సమస్య నేర్పి అడగమన్నారట. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందట, దీన్ని పద్యంలో పూర్తి చెయ్యాలి. గంజాయి తాగి వాగుతున్నావా అన్నట్టు రామకృష్ణుడు వాడికి గట్టిగానే వడ్డించాడు. సంగతి రాయలదాకా పోయింది. అదే సమస్యను భారతం కథతో పూరించమన్నాడు రాజు. ఈసారి రామకృష్ణుడి దారి మారింది. జూదంలో అన్నీ పోగొట్టుకున్న పాండవులు విరటుడి కొలువులో చేరారు. భీముడు వంటవాడయ్యాడు, అర్జునుడు ఆట నేర్పే బృహన్నల అయ్యాడు, నకులుడు గుర్రాలు కాశాడు. అంతటివాళ్లు అంత చిన్న కొలువులో ఇమిడిపోవడం ఏనుగులు దోమ గొంతులో దూరడం కాదా!

నవ్వొస్తుంది, వెంటనే మనసులో కలుక్కుమంటుంది. చేతిలో మగ్గం విద్య ఉండి, ఊరు వదిలి షోలాపూర్‌కో భివండీకో వచ్చి, మరొకరి సాంచాల మీద కూలికి నిలబడ్డవాళ్లకు ఈ పద్యం అర్థం విప్పి చెప్పాలా? వందల ఏళ్ల నాటి మాట ఇంకా బతికుందంటే కారణం ఇదే. మన కష్టాన్ని అది ఏడవకుండా చెబుతుంది.

ఇవన్నీ నిజంగా ఆ సభలోనే జరిగాయా? పింగళి సూరన, రామరాజభూషణుడు, రామకృష్ణుడు రాయల తర్వాతి కాలం వాళ్లని చాలామంది పండితుల మాట. అంటే ఈ సభను కొంత జనమే కట్టుకున్నారు. ఎవరో చెప్పిన చమత్కారం బాగుంటే దాన్ని రామకృష్ణుడి ఖాతాలో వేశారు. నోటి నుంచి నోటికి తిరిగిన ఇలాంటి పద్యాలను వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గత శతాబ్దం మొదట్లో సేకరించి 'చాటుపద్య మణిమంజరి'గా అచ్చువేయించారు. లేకుంటే ఎన్ని పోయేవో!

తెనాలి రాముడు తమిళులకూ కన్నడిగులకూ తెలుసు. హిందీ సీరియల్ పుణ్యమా అని మన పక్కింటి మరాఠీ పిల్లలకూ తెలుసు. పాలంటే భయపడే పిల్లి కథ ఏ భాషలో చెప్పినా నవ్వొస్తుంది. కానీ దీర్ఘం తీసేసిన అమావాస్య సంగతి వేరే భాషలో చెప్పి చూడండి. ఎక్కడ నవ్వాలో ఎవరికీ తెలీదు. ఆ నవ్వు తెలుగు చెవికే వినబడుతుంది. మన పిల్లలు మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో పోతున్నారు, పోవాలి కూడా. అయితే ఇంట్లో తెలుగు మాట కూడా ఆగిపోతే, రాముడు వాళ్లకు బొమ్మల కథల్లో పిలక పెట్టుకున్న మనిషిగానే మిగులుతాడు.

చాటువు నేర్వడానికి అక్షరాలు రావాల్సిన పనిలేదు, పుస్తకం కొనక్కర్లేదు. వినే చెవి, చెప్పే నోరు ఉంటే చాలు. మీ ఇంట్లో అవ్వకో తాతకో ఇలాంటి పద్యం ఒకటైనా వచ్చే ఉంటుంది. సెలవునాడు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టి చెప్పించండి. వెన్నెలనైతే దాచుకోలేం గానీ, మాటను దాచుకోవచ్చు. దాన్ని దాచే చోటు పిల్లల నోరే.