మామిడితోటను పూతమీదనే అమ్మవచ్చునా?



మార్గశిరము గడచి పుష్యము ప్రవేశించుసరికి మన ప్రాంతపు మామిడితోటలలో పూత కనిపించును. పూతతోపాటు గుత్తేదారులును కనిపింతురు. వారు చెట్లను లెక్కించి, కొమ్మలను తేరిపార జూచి, ఇంత యని యొక మాట చెప్పుదురు. ఆ మాటకు తల యూపిన రైతు పిందెయైనను కట్టకముందే తన సంవత్సరఫలమును పరుల కప్పగించినవాడగును. అట్లు చేయుట లాభమా, నష్టమా, చేయకుండుటకు మార్గమేమి యను విషయమును ఈ సంచికలో మీతో ముచ్చటింప దలచితిని.

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016వ సంవత్సరమున పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. జిల్లాల పేర్లు మారినను నేల మారలేదు. మన ఎఱ్ఱచెలకలు మామిడికి మిక్కిలి అనుకూలములు. 1963లో పునాది వేయబడిన పోచంపాడు ప్రాజెక్టు, అనగా నేటి శ్రీరామసాగరము, కాకతీయ కాలువద్వారా జగిత్యాల, కరీంనగరు ప్రాంతములకు నీరిచ్చుచున్నది. జగిత్యాల బంగినపల్లి చల్‌గల్ మార్కెట్టునుండి లారీలపై ఢిల్లీ మొదలగు ఉత్తరదేశపు పట్టణములకు పోవుచున్నది. మంచిర్యాల జిల్లాలోని చెన్నూరు, నెన్నెల ప్రాంతపు కాయ నాగపూరు చేరుచున్నది. ఇంత దూరము పోయి అక్కడ మంచి వెల పలుకు పండు, పుట్టిన తోటలో మాత్రము అగ్గువకు పోవుటకు కారణమేమి?

కొన్నియేండ్ల క్రిందట జగిత్యాల సమీపమున ఒక పెద్దమనిషి తోటకు నేను తరచుగా పోవుచుంటిని. నాలుగెకరముల బంగినపల్లి. కొమ్మల కత్తిరింపు, పాదులు, ఎరువులు, తేనెమంచు పురుగునకు మందు, అన్నియు నేను చెప్పినట్లే ఆయన చేసెను. ఆ యేడు కాపు విరగగాసినది. సంతసముతో తోటకు పోయి చూడగా, గుత్తేదారుని మనుష్యులు కాయ కోయుచుండిరి. పెద్దమనిషి గట్టుపై కూర్చుండి చూచుచుండెను. కుమార్తె పెండ్లి ఖర్చులకై పుష్యమాసముననే తోటను గుత్త కిచ్చితినని చెప్పి, ఆయన నాతో నిట్లనెను: "సారూ, తమరు చెట్టుకు మందు చెప్పినారు. అమ్మకానికి మందు చెప్పలేదు."

ఆ మాట నాకు నేటికిని మరపునకు రాలేదు. మిషను పాఠశాలలో మాకు తోటపని నేర్పిన పంతులుగారు, ప్రతి మడికిని ఖర్చొకవైపు, రాబడియొకవైపు వ్రాయించెడివారు. ఇంతకాలము నేను రైతులకు ఖర్చువైపు మాత్రమే నేర్పి, రాబడివైపును గుత్తేదారునకు విడిచితిని.

గుత్తేదారుని మాత్రమే నిందించుట న్యాయము కాదు. గాలివాన, వడగండ్లు వచ్చి పిందె రాలినచో ఆ నష్టమును భరించువాడు అతడే. కావలి, కోత, బండి కిరాయి అతనివే. ఆ భయమునంతను లెక్కించియే అతడు వెలను తగ్గించి యడుగును. అడుగువాని తప్పు కొంచెము. ఒప్పుకొనువాని అవసరము అధికము. పూతవేళ రైతుచేతిలో పైకము లేకపోవుటయే ఈ అమ్మకమునకు మూలము. కావున పూతమీద అమ్మకుమని ఉపదేశించుట సులభము. పుష్యమాసమున పైకమెట్లు వచ్చునో చెప్పనియెడల ఆ యుపదేశము వృథా.

దీనిని నేను అనుభవముననే నేర్చితిని. ఆ మరుసటి యేడు ఐదారుగురు రైతులకు ధైర్యము చెప్పి, ఎవరి కాయను వారే మార్కెట్టునకు కొనిపోవునట్లు చేసితిని. ఒక్కొకరు ఒక్కొక దినమున పోయిరి. పెద్దవి, చిన్నవి, మచ్చకాయలు, రాలుకాయలు అన్నియు ఒకే కుప్పగా పోసిరి. కొనువాడు కుప్పలోని చెడ్డకాయను చూచి మంచికాయకు వెల కట్టెను. అటుపైన తరుగు, కమీషను. మాటవరుసకు 100 కిలోలలో 10 కిలోలు తరుగు తీసి, మిగిలిన దాని వెలలో నూటికి 10 కమీషను పోయినదనుకొందము. రైతునకు దక్కునది 81 పాళ్లు మాత్రమే. హమాలీ, కిరాయి ఇంకను వేరు. ఒంటరిగా పోయిన రైతు బేరమాడలేడు. ఏలయన సాయంకాలమునకు కాయ మెత్తబడునని కొనువాడెఱుగును. ఆ యేడు మాకు మిగిలినది గుత్తకంటె ఎక్కువేమియు లేదు. దోషము రైతులది కాదు, నాది.

అప్పుడు నాకు రెండు సంగతులు తెలిసినవి. మొదటిది, కాయ వెల చెట్టుపైననే కాక, కోతనుండి సంతవరకు జరుగు పనులయందును ఉన్నది. రెండవది, ఆ పనులను ఒంటరి రైతు చేయలేడు.

మొదట కోతనుగూర్చి చెప్పెదను. కాయ కోడిగ్రుడ్డంత యైనప్పుడు కాగితపు సంచి తొడిగినచో మచ్చయు, పండుఈగ బాధయు తగ్గును. ముదిరిన బంగినపల్లికి భుజములు తొడిమకంటె పైకి లేచును. తోలుపై చుక్కలు స్పష్టమగును. నీటిలో వేసిన మునుగును. తేలుకాయ ఇంకను లేతది. అట్టి దానిని త్వరపడి కోసినచో పండినను రుచి రాదు. ఒకమారు కొన్నవాడు మరల రాడు. చెట్టును దులుపరాదు. ఉదయపు చల్లదనమున చిక్కము కర్రతో, సుమారు ఒక సెంటీమీటరు తొడిమ నిలుచునట్లు కోయవలెను. నేల తాకనీయక, తొడిమ క్రిందుగా నుంచి సొన కారనిచ్చి, పిదప కడుగవలెను. సొన అంటిన తోలు నల్లబడి వెల తగ్గును. 52 డిగ్రీల వేడినీటిలో 5 మొదలు 10 నిమిషములవరకు ఉంచి తీసినచో పండుపై లేచు నల్లమచ్చ తెగులు తగ్గును. చేతి అంచనా చాలదు. వేడి కొలుచు గాజుగొట్టము తప్పక ఉండవలెను. తరువాత బరువునుబట్టి మూడు తరగతులుగా ఏరి, గడ్డికుప్పలుగా కాక ప్లాస్టిక్ పెట్టెలలో నింపవలెను.

మాగవేయుటలో కార్బైడు మాట తలపెట్టవలదు. దానియందు ఆర్సెనిక్ వంటి విషము కొంత కలిసియుండును. 2011 నాటి ఆహార భద్రతా నియమములు దానిని నిషేధించినవి. ఇథిలీను వాయువును మాత్రము, పదిలక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండ, మూసిన గదిలో వాడుటకు అనుమతి కలదు. అట్టి గదిని ఒక్క రైతు కట్టుకొనలేడు, వందమంది కట్టుకొనగలరు.

ఇక రెండవ సంగతి, సంఘబలము. దీనికి మనము దూరదేశములకు పోనక్కరలేదు. పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదై, నేడు హనుమకొండ జిల్లాలో చేరియున్న ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికచే సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘము ఏర్పడినది. అప్పిచ్చు సంఘమే రైతుపంటను అమ్మిపెట్టుటయు, వడ్ల మిల్లు, విత్తనముల శుద్ధి మొదలగునవి నడపుటయు దాని ప్రత్యేకత. అది మామిడి సంఘము కాదు. కాని అప్పు ఒకచోట, అమ్మకము వేఱొకచోట ఉన్నంతకాలము రైతు మధ్యవర్తి చేతిలోనే యుండునని గ్రహించిన సంఘమది. అది గ్రహింపవలసిన పాఠము. ఇక తోటపంటకు ఉదాహరణము కోరుదురేని, మహారాష్ట్రమున ద్రాక్షతోటల సహకార సంఘములు 1991లో మహాగ్రేప్స్ అను పేర ఏకమై, కాయను చల్లబరచి, తరగతులుగా ఏరి, ఐరోపా దేశములకు పంప గలిగినవి. ద్రాక్ష మామిడికంటె సున్నితమైనది కదా!

కావున ఈ యేడు ప్రతి గ్రామసంఘమును ఈ పనులు చేయవలెనని నా మనవి. పూతవేళ తోటదారులకు, కాయను సంఘముద్వారా అమ్ముదుమను ఒప్పందముపై, చిన్న అప్పు ఇయ్యవలెను. తోట నంతను అమ్మవలసిన అవసరము దానితోనే సగము తీరును. చిక్కము పట్టుట నేర్చిన పదిమంది కోతవాండ్రను సంఘమే కుదుర్చుకొనవలెను. చల్‌గల్, నాగపూరు, హైదరాబాదువద్ద బాటసింగారము మార్కెట్టుల వెలలను ప్రతి ప్రాతఃకాలమున ఫోనులో విచారించి, సంఘపు పలకపై వ్రాయవలెను. కాయను తరగతివారీగా తూచి, రసీదిచ్చి, సగము పైకము వెంటనే చెల్లించి, మిగిలినది అమ్మకము ముగిసిన పిదప ఖర్చులు పోగా పంచవలెను. ప్రతి పెట్టెకు కొంత సొమ్ము తీసి వడగండ్ల నిధిగా వేఱుగా నుంచవలెను. గుత్తేదారుడు ఒక్కడే భరించు భయమును నూరుగురు పంచుకొన్నచో అది భయము కాదు.

ఒక హెచ్చరిక. వెల పెరిగిన దినమున సంఘమును విడిచి మంచికాయను బయట అమ్మి, చెడ్డకాయను సంఘమునకు తెచ్చు సభ్యుడు గుత్తేదారునికంటె ఎక్కువ కీడు చేయును. సంఘపు పెట్టెపైనున్న పేరు అందరి పేరు.

గట్టుపై కూర్చుండి తన తోటకోతను తానే పరునివలె చూచిన ఆ పెద్దమనిషి నేడు తన గ్రామసంఘమున సభ్యుడు. గత వేసవిలో కాయలను ఏరునప్పుడు రెండవతరగతి కాయను మొదటితరగతి పెట్టెలో వేయబోయిన కుమారుని చేయి పట్టుకొని, "అది మన పెట్టె కాదురా, సంఘపు పెట్టె" యని మందలించుట నేను చూచితిని. ఆయన యడిగిన మందు అదియే. ఈ యేడు గుత్తేదారుడు మీ తోటకు వచ్చినప్పుడు, తల యూపుటకు ముందు ఒక్కమారు సంఘపు కార్యాలయమునకు వచ్చి విచారింపుడు.